పడని బంతికి కూడా ఒక హీరో ఉంటాడు: మార్క్ బ్రాడ్కీ కథ

బంతి బుట్టలో పడితే వేసినవాడికి చప్పట్లు. పడకపోతే? అక్కడే మార్క్ బ్రాడ్కీ పని మొదలయ్యేది.

ఈ ఆస్ట్రేలియన్ ఎత్తు 208 సెంటీమీటర్లు. కానీ రీబౌండ్‌కి ఎత్తొక్కటే చాలదు. ముందు ప్రత్యర్థిని వీపుతో అడ్డుకోవాలి, తర్వాతే ఎగరాలి.

మెల్‌బోర్న్ టైగర్స్‌లో ఆండ్రూ గేజ్ పాయింట్లు కొట్టేవాడు, ఇతను రీబౌండ్లు పట్టేవాడు. 1993, 1997లో టైటిల్స్ గెలిచారు. మధ్యలో 1996-97 సీజన్‌లో ఎన్‌బీఏలో ఫిలడెల్ఫియాకి ఆడొచ్చాడు. 2002లో లీగ్ ఎంవీపీ కూడా ఇతనే!

లోటల్లా ఒకటే. నాలుగు ఒలింపిక్స్ ఆడితే, 1988, 1996, 2000లో టీమ్‌ది నాలుగో స్థానమే. ఆస్ట్రేలియా పురుషుల జట్టుకి తొలి పతకం 2021లో టోక్యోలో వచ్చింది. అప్పటికి ఇతను ఆట మానేసి చాలా ఏళ్లయింది.

అందుకే అంటున్నా, ఈసారి మ్యాచ్ చూస్తే మిస్సయిన బంతి ఎవరి చేతికి వెళ్తుందో కూడా చూడండి.