సూయజ్ యుద్ధం: చెప్పిన కారణం, జరిగిన సంగతి

ఒక దేశం మరో దేశం మీదికి సైన్యాన్ని పంపేటప్పుడు కారణం చెప్పకుండా పంపదు. శాంతి కోసమంటుంది, రక్షణ కోసమంటుంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి మనబోటి సామాన్యులకు దారేది? 1956 నాటి సూయజ్ ఉదంతాన్ని నిదానంగా పరిశీలిస్తే మనకు ఆ దారి కొంత తెలుస్తుంది.

1869లో తెరిచిన ఈ కాలువ ఈజిప్టు నేల మీదిది. తవ్వకం మొదట్లో సాగింది ఈజిప్టు రైతుల వెట్టిచాకిరితోనే. 1875లో అప్పుల్లో మునిగిన ఖెదీవ్ ఇస్మాయిల్ తన వాటాలను సుమారు 40 లక్షల పౌన్లకు బ్రిటిషు ప్రభుత్వానికి అమ్ముకున్నాడు. 1956 జూలై 19న అమెరికా అస్వాన్ ఆనకట్టకు ఇస్తానన్న సాయం వెనక్కి తీసుకుంది. వారం తిరిగేసరికి, జూలై 26న, నాసర్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. వాటాదారులకు పరిహారం ఇస్తామని కూడా చెప్పాడు.

అక్టోబరు 29న ఇజ్రాయిల్ సినాయ్‌లో ప్రవేశించింది. మర్నాడే బ్రిటన్, ఫ్రాన్సులు హెచ్చరిక పంపాయి: ఇరుపక్షాలూ కాలువకు 10 మైళ్ల దూరం జరగాలి, గడువు 12 గంటలు. పోరాడేవారిని విడదీసి కాలువను కాపాడటమే తమ ఉద్దేశమన్నాయి.

ఇప్పుడు పటం తీసి చూద్దాం. సినాయ్ ఈజిప్టుదే. దాడికి గురైనవాడు తన నేలనూ, తన కాలువనూ వదిలి వెనక్కి పోవాలట! ఇజ్రాయిల్ సేనలో అధికభాగం అప్పటికి కాలువకు చాలా దూరంలో ఉంది. కనుక అది ఇంకా ముందుకే రావచ్చు. పక్కవాడు చేలో పడితే చేనుగలవాణ్ణే గట్టు దిగమన్న తీర్పు ఇది.

ఇక కాలువ రక్షణ మాట. సెప్టెంబరులో విదేశీ పైలట్లు చాలామంది వెళ్లిపోయినా ఓడలు ఆగలేదు. బాంబులు పడ్డాకే ఈజిప్టు ఓడలను ముంచి దారి మూసింది. మళ్లీ తెరిచేసరికి 1957 ఏప్రిల్ అయింది. కాపాడతామన్నవారి రాకతోనే కాలువ మూతపడిందన్నమాట.

అసలు గుట్టు పారిస్ దగ్గరి సెవ్ర్‌లో ఉంది. దాడికి ముందే, అక్టోబరు 22 నుంచి 24 వరకు, మూడు దేశాలవారూ అక్కడ రహస్యంగా కలిసి పథకం వేసి సంతకాలు చేశారు. బ్రిటిషు ప్రతిని ప్రధాని ఈడెన్ నాశనం చేయించాడు. ఇజ్రాయిల్ ప్రతి మిగిలింది. దాడి సంగతి తమకు ముందుగా తెలియదని డిసెంబరు 20న ఈడెన్ పార్లమెంటులోనే చెప్పాడు. మరుసటి జనవరిలో పదవి వదిలాడు.

బ్రిటిషు ప్రజలంతా ఆ మాట నమ్మారనుకోవద్దు. నవంబరు 4న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వేలమంది చేరి యుద్ధం వద్దన్నారు. విదేశాంగ శాఖ సహాయమంత్రి ఆంథొనీ నటింగ్ రాజీనామా ఇచ్చాడు. ఐక్యరాజ్యసమితి, అమెరికా ఒత్తిడితో నవంబరు 6 అర్ధరాత్రి కాల్పులు ఆగాయి. తర్వాత వెళ్లిన శాంతిసేనలో మన భారత సైనికులూ ఉన్నారు.

అదే నవంబరు 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్టును ముట్టడించాయి. అక్కడి ప్రభుత్వం పిలిస్తేనే వచ్చామన్నారు. మనకు నచ్చినవారికి ఒక తూకం, నచ్చనివారికి మరో తూకం పనికిరాదు. ఎవరు సైన్యం పంపినా మనం అడగవలసినవి మూడు: తేదీలు ఏం చెబుతున్నాయి? పటం ఏం చెబుతోంది? నష్టపోయింది ఎవరు? మన పిల్లలకు ఈ మూడూ అడగడం నేర్పుదాం.