పికప్ కిందికి దూరే ముందు: జాకీ ఎత్తుతుంది, మోయదు

2005లో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చాక చిన్న సరుకు వాహనం ఊరూరా సొంత ఉపాధిగా మారింది. అంతకన్నా ఎక్కువ బరువు మోసే బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి ఇప్పుడు కూరగాయల నుంచి సిమెంటు బస్తాల వరకు అన్నీ లాగుతున్నాయి. వీటిలో చాలావాటికి నడిపేవాడే యజమాని. బండి ఒకరోజు షెడ్డులో ఉంటే ఆ రోజు కిరాయి పోతుంది, నెలవారీ వాయిదా మాత్రం ఆగదు. అందుకే గ్రీజు పెట్టడం, ఇంజన్ ఆయిల్ మార్చడం, కమాన్ల యూ బోల్టులు బిగించడం, సైలెన్సర్ క్లాంపు వేయడం లాంటి పనులు ఇంటి ముందే కానిచ్చేస్తుంటారు. ఆ పనులు పెద్ద ప్రమాదకరమైనవేమీ కావు. ప్రాణం మీదికి తెచ్చేది వాటి కోసం బండిని లేపే పద్ధతే.

ఎక్కువమంది దగ్గర ఉండేది బాటిల్ జాకీ. అది పాస్కల్ సూత్రం మీద నడుస్తుంది. చిన్న పిస్టన్ వ్యాసం ఒక సెంటీమీటరు, పెద్ద పిస్టన్ వ్యాసం మూడు సెంటీమీటర్లు అయితే వైశాల్యం తొమ్మిది రెట్లు, కాబట్టి బలమూ తొమ్మిది రెట్లు. హ్యాండిల్ పొడవు వల్ల ఇంకొన్ని రెట్లు కలుస్తుంది. ఒంటి చేత్తో బండి లేవడం వెనక ఉన్న కిటుకు ఇదే. అయితే లేచిన బరువంతా ఆ క్షణంలో కాస్త నూనె మీద ఆగి ఉంటుంది. ఆ నూనెను పట్టి ఉంచేది ఒక రబ్బరు సీలు, గోలీకాయ కన్నా చిన్న ఉక్కు గుండు ఉన్న వాల్వు. సీలు అరిగినా, వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా జాకీ దిగిపోతుంది. మెల్లగా దిగితే అదృష్టం. బండితో పాటు వచ్చే స్క్రూ జాకీకి నూనె గొడవ లేదు కానీ దాని పాదం ఇరుకు. పక్క నుంచి తోపు తగిలితే ఒరిగిపోతుంది. రెండూ టైరు మార్చడానికి ఉద్దేశించినవే. వాటి భరోసాతో మనిషి కింద పడుకోవడం తయారీదారులెవరూ ఒప్పుకోని పని. జాకీ మీద అంటించిన హెచ్చరికలోనూ అదే ఉంటుంది, గ్రీజు మరకల కింద.

హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం ఎంత?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. చాలా పికప్‌లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. వెనక భాగం మొత్తం గాల్లోకి లేపితే ఆ బ్రేకు పట్టుకున్న చక్రాలు నేల మీద ఉండవు. నేల మీద మిగిలేది స్వేచ్ఛగా దొర్లే ముందు చక్రాలు. 'గేరులో పెట్టాం కదా' అన్న ధీమా కూడా పనికిరాదు. వెనక ఒక చక్రాన్నే లేపినా, గేరు ప్రొపెల్లర్ షాఫ్టును ఆపుతుందే తప్ప రెండు చక్రాలనూ విడివిడిగా ఆపదు. మధ్యలో డిఫరెన్షియల్ ఉంది. గాల్లోని చక్రం వెనక్కి తిరిగితే నేల మీది చక్రం ముందుకు తిరగగలదు. వంపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగడానికి పెట్టిన ఏర్పాటే జాకీ వేళ ఎదురు తిరుగుతుంది. కొన్ని పాత వాహనాల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాకుండా షాఫ్టు మీదే ఉంటుంది. వాటిలో వెనక ఒక్క చక్రం లేచినా బ్రేకు లేనట్టే.

కాబట్టి గేరు, హ్యాండ్ బ్రేకు రెండూ వేసిన తర్వాత కూడా నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా ఓట్లు పెట్టాలి. దొరికిన గుండ్రాయి కన్నా వాలుగా కోసిన చెక్క దిమ్మె మేలు. టైరు ఎక్కేకొద్దీ అది నేలకు అదుముకుంటుంది, రాయి జారుతుంది. బండి ఖాళీగా ఉండాలి. పైన బస్తాలు ఉంచి ఒక మూల లేపితే సరుకు పక్కకు జరిగి బరువు ఎటు పడుతుందో చెప్పలేం. తాళం తీసి జేబులో పెట్టుకోవాలి, క్యాబిన్లో పిల్లలు ఆడుకోకూడదు.

నేల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది. వెనక ఇరుసు మీద 800 కిలోలు పడుతున్నాయనుకుందాం. జాకీ పాదం 10 సెంటీమీటర్ల చదరం అయితే ప్రతి చదరపు సెంటీమీటరుకు 8 కిలోలు. 50 పీఎస్ఐ గాలి ఉన్న టైరు నేలను నొక్కేది సుమారు మూడున్నర కిలోలతోనే. అంటే టైరు దిగబడని చోట కూడా జాకీ దిగబడవచ్చు. నల్లరేగడిలో, వాన వెలిసిన పెరట్లో ఇది కళ్లముందే జరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మెత్తబడిన తారు రోడ్డులో స్టాండు కాళ్లు కూరుకుపోతాయి. వాకిట్లో పరిచిన షాబాద్ బండల కింద ఇసుక జారి డొల్ల ఏర్పడితే బండ పగులుతుంది. కనీసం అడుగు చదరం మందపాటి గట్టి చెక్క పలకను జాకీ కింద, స్టాండ్ల కింద వేస్తే బరువు తొమ్మిది రెట్ల వైశాల్యానికి పంచుతుంది. వాలు నేల మీద మాత్రం ఎన్ని పలకలు వేసినా లాభం లేదు.

జాకీ ఎక్కడ ఆనించాలన్నది బండి మాన్యువల్ చెప్పాలి, అలవాటు కాదు. వెనక వైపు సాధారణంగా హౌసింగ్ గొట్టం మీద, కమాన్లు బిగించిన చోటుకు దగ్గరగా ఆనిస్తారు. అక్కడ లేపితే చక్రం వెంటనే లేస్తుంది. ఛాసిస్ కింద లేపితే కమాన్లు కిందికి సాగుతూ పోతాయి, చక్రం లేవడానికి జాకీని చాలా ఎత్తు పెంచాల్సి వస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఒరిగే ప్రమాదమూ పెరుగుతుంది. ముందు వైపు అమరిక మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఊహించడం తగదు. ఆయిల్ చాంబర్, గేరుబాక్సు, స్టీరింగ్ రాడ్ల కింద ఎప్పుడూ ఆనించకూడదు.

ఒక వైపు లేస్తుంటే బండి నిట్టనిలువుగా పోదు, ఓట్లు పెట్టిన చక్రాలను ఆధారం చేసుకుని వంపుగా తిరుగుతుంది. అందుకే నిలువుగా పెట్టిన బాటిల్ జాకీ కాసేపటికి కొంచెం ఒరిగి కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఆపి, దించి, మళ్లీ పెట్టాలి.

స్టాండ్లే అసలు ఆధారం

కావలసిన ఎత్తు రాగానే రెండు స్టాండ్లు, ఇరుసుకు చెరో వైపు, ఒకే ఎత్తులో. జాకీని మెల్లగా వదిలి బరువును వాటి మీదికి దించాలి. స్టాండు మీద రాసిన సామర్థ్యం ఒక్కోదానికా, జతకా అన్నది చదవకుండా కొనకూడదు. పళ్లున్న స్టాండు అయితే కొక్కెం పూర్తిగా పంటిలో కూర్చుందా చూసుకోవాలి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ లక్షల కొద్దీ స్టాండ్లను వెనక్కి పిలిచింది ఈ లోపంతోనే. కొక్కెం పంటిని సరిగా పట్టక బరువు ఉన్నట్టుండి కిందికి పడే అవకాశం ఉందని తేలింది. సొంత గ్యారేజీలో పనులు చేసుకునే అక్కడి తెలుగువాళ్లు పాత స్టాండ్లను ఒకసారి చూసుకోవడం మంచిది. అడ్డంగా మందపాటి పిన్ను దూర్చే రకం స్టాండులో ఈ బెడద ఉండదు.

స్టాండ్లు దొరకని చోట ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చడం మామూలే. అవి పగిలే ముందు హెచ్చరించవు. ఒక మూలన బరువు పడితే చాలు, ముక్కలవుతాయి. గట్టి కర్ర దిమ్మెలను జతలు జతలుగా, ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డంగా పేర్చడం మేలు. చెక్క నలిగేటప్పుడు కిర్రుమని చప్పుడు చేస్తుంది. పేర్పు ఎత్తు దాని వెడల్పును మించకుండా చూసుకోవాలి.

కిందికి దూరేముందు బండిని పక్క నుంచి గట్టిగా తోసి చూడాలి. కదిలితే మళ్లీ మొదటి నుంచి. జాకీని తీసేయకుండా తాకీ తాకనట్టు ఉంచి, ఊడదీసిన చక్రాన్ని ఛాసిస్ కింద పడేస్తే ఇంకో అడ్డు ఉన్నట్టే. బిగుసుకున్న బోల్టును కింద పడుకుని బలంగా గుంజడం స్టాండ్లను ఊపేస్తుంది. చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయమనేది అందుకే. పక్కన ఒక మనిషి ఉండాలి. ఏదైనా జరిగితే ఇరుక్కున్నవాళ్లను గుంజడం కాదు, రెండో జాకీతో బండిని లేపి, 108కి ఫోను చేయాలి.

దించేటప్పుడు కింద పానాలు, గుడ్డలు, మనుషులు లేరని చూసుకుని వాల్వును కొద్దికొద్దిగా తిప్పాలి. చక్రం నట్లను ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి. చివరి బిగింపు టైరు నేల మీద ఆనాకే. మొదటి కిరాయి ముగిశాక, వంద కిలోమీటర్లలోపు, మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి.