పనివాని చేతికి చట్టపు కంచె

పల్నాడు అనగానే మనకు కారెంపూడి రణరంగము జ్ఞప్తికి వచ్చును. ఆ యుద్ధమున తెగిన చేతులను వీరగాథలు కీర్తించినవి. యంత్రముల నడుమ నలిగిన పనివారి చేతులకు అట్టి గాథలు పుట్టలేదు. వాటి చరిత్ర చట్టముల పుటలలో అంకెల రూపమున నిలిచి యున్నది. ఆ అంకెలను ఒకసారి చదువుకొందము.

నరసరావుపేట ప్రాంతపు నల్లరేగడిలో ప్రత్తి ముఖ్యమైన పంట. ప్రత్తి నుండి గింజను వేరుచేయు పనికి జిన్నింగు మిల్లులు వచ్చినవి. అందు తోలు తొడిగిన రోలరు తిరుగుచు దూదిని పట్టి లాగును. దానికి ఆనుకొని కదలని కత్తి యుండును. ఆ సందున దూరలేక నిలిచిన గింజను, క్రిందికి మీదికి ఆడు మరియొక కత్తి కొట్టి రాల్చును. పాత మిల్లులలో ఇంజను నుండి యంత్రములకు శక్తిని షాఫ్టులు, తోలుబెల్టులు అందించెడివి. చిక్కుకొన్న గుప్పెడు దూదికై యంత్రమును ఆపుట దండుగ యని తోచిన చోట, తిరుగుచుండగనే చేయి పెట్టుట అలవాటగును. వ్రేళ్ళు రోలరుకు చిక్కినను, కొంగు బెల్టుకు చిక్కినను, వెనుకకు లాగుకొను వ్యవధి యుండదు.

మన దేశపు మొదటి ఫ్యాక్టరీల చట్టము 1881లో వచ్చినది. ప్రమాదకరమైన యంత్రములకు కంచె యుండవలెనని అది చెప్పినది. కాని అది నూరుమంది పనిచేయు చోట్లకే వర్తించెను. ఏడాదిలో నాలుగు నెలలకు మించి నడువని వాటిని విడిచిపెట్టెను. జిన్నింగు మిల్లు పంట వచ్చిన నెలలలో ఆడునదే గదా! రోలరు తిరిగిన దినములు కొద్దియైనను, తెగిన వ్రేలు ఏడాది పొడుగునను తెగినదే. 1891లో నూరు సంఖ్య ఏబదికి దిగినది. ఋతువును బట్టి నడుచు మిల్లులు 1911లో గాని చట్టము క్రిందికి రాలేదు. 1922లో ఆ సంఖ్య ఇరువదికిని, 1948లో శక్తితో నడుచు చోట పదికిని దిగినది.

1949 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన ఆ 1948 చట్టమున మూడు నిబంధనలు ఇచట చెప్పదగినవి. 21వ సెక్షను కదలెడి భాగములకు గట్టి కంచె వేయుమన్నది. 22వ సెక్షను, తిరుగుచున్న యంత్రమును పరీక్షించు పనిని శిక్షణ పొందిన వయోజనుడైన పురుషుడే, యజమాని ఇచ్చిన బిగుతు దుస్తులు ధరించి చేయవలెనన్నది. 27వ సెక్షను, దూదిని విప్పు యంత్రము నడుచు ప్రెస్సింగు భాగమున స్త్రీలను, బాలురను నియమింపరాదన్నది. నడుమ తగిన అడ్డుగోడ యున్నచో మాత్రము సడలింపు కలదు.

కంచె విఫలమైన పిదప పరిహారపు మాట. 1923లో చేసిన కార్మికుల నష్టపరిహార చట్టము 1924 జూలై 1 నుండి అమలైనది. యజమాని తప్పును రుజువు చేయకున్నను పరిహారము ఇప్పించుట దాని గొప్పతనము. ఆనాటి పట్టికలో సంపాదనాశక్తి నష్టము ఇట్లు లెక్కింపబడినది: మోచేతి క్రింద కుడిచేయి పోయిన నూటికి 60, ఎడమచేయి పోయిన 50, బొటనవ్రేలికి 25, చూపుడువ్రేలికి 10. ఎడమచేతి వాటము గలవాని సంగతి పట్టికకు తోచలేదు! పూర్తి శాశ్వత అశక్తతకు 42 నెలల వేతనము, లేదా 3,500 రూపాయలు, ఏది తక్కువైన అది. నెలకు 20 రూపాయల పనివానికి అది 840. అందు పదవవంతు, అనగా 84 రూపాయలు, అతని చూపుడువ్రేలి వెల.

తరువాత పల్నాటిలో యంత్రములు పెరిగినవి. 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారము వచ్చినది. సున్నపురాయిని పిండిచేయు యంత్రములు వచ్చినవి. దేశమున నూర్పిడి యంత్రములు పొలములలోనే చేతులను హరించుచుండగా, 1983లో ప్రమాదకర యంత్రముల చట్టము చేసి, తయారీదారునిపై గూడ బాధ్యత మోపినారు.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి రక్షణ స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి, 1948 చట్టపు స్థానమును ఆక్రమించినది. అందు శక్తితో నడుచు చోటు 'ఫ్యాక్టరీ' యనిపించుకొనుటకు మరల ఇరువదిమంది కావలెను. పదిమంది యున్న సంస్థలకు సాధారణ రక్షణ విధులు వర్తించును. అంతకు తక్కువైన చిన్న మిల్లులలోనో? అచట కంచె వేయవలసినది యజమాని మనస్సాక్షియే. నూటి నుండి పదికి దిగుటకు 67 ఏండ్లు పట్టినది. బెల్టు మాత్రము ఏనాడును మనుష్యులను లెక్కించి తిరుగలేదు.