తనవారెవరో శరీరం నేర్చుకునే విధం

తిరుచానూరులో సాయంత్రం పూట మా పెన్షనర్లు నలుగురు చేరితే మాటలు కీళ్లనొప్పుల దగ్గరకే వస్తాయి. వయసుతో అరిగిన మోకాళ్ల సంగతి వేరు. నా శ్రీమతికి వచ్చిన రుమటాయిడ్ కీళ్లవాతం వేరు. ఇందులో రోగక్రిములతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థే సొంత కీళ్ల మీద పడుతుంది. అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలని చదివిన చరిత్రను సభ్యుల ముందు ఉంచుతున్నాను.

తనవారిని గుర్తించడం శరీరం నేర్చుకునే విద్య అని మొదట సూచించినవి పశువులు. తల్లి గర్భంలో రక్తం కలిసిన కవల దూడలలో ఒకదాని రక్తకణాలు రెండవదానిలో పెద్దయ్యాక కూడా నిలిచి ఉన్నాయని 1945లో అమెరికా శాస్త్రజ్ఞుడు రే ఓవెన్ చూపాడు. 1953లో ఇంగ్లండులో పీటర్ మెడవార్ బృందం, ఇంకా గర్భంలో ఉన్న ఎలుక పిల్లలకు వేరొక వంశపు ఎలుకల కణాలు ఎక్కించింది. అవి పెరిగాక, అదే వంశపు ఎలుక చర్మం అతికిస్తే తిప్పికొట్టలేదు. ఇలా జరగవచ్చునని ముందే ఊహించిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్‌కు, మెడవార్‌కు కలిపి 1960లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ విద్య నేర్పే ముఖ్యమైన బడి రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి. రక్షణ వ్యవస్థకు అది ఎంత అవసరమో 1961లో జాక్ మిల్లర్ వెల్లడించాడు. మన ఉద్యోగుల భాషలో అది ట్రైనింగ్ సెంటర్. సొంత శరీరం మీద తిరగబడే టి-కణాలు చాలావరకు అక్కడే డిస్మిస్ అవుతాయి. తప్పించుకుని డ్యూటీలో చేరినవాటిని అదుపు చేసే విజిలెన్సు కణాలను 1995లో జపాన్ శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి గుర్తించాడు. ఆయనతో పాటు, ఆ కణాలకు కీలకమైన జన్యువును పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది.

ఈ అదుపు తప్పినప్పుడు వాడే ఒక మందు వెనుక మన తెలుగువాడున్నారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆయన 1948లో కన్నుమూశారు. అప్పట్లో ఆ పరిశోధన రక్తక్యాన్సర్ చికిత్సకు తోడ్పడింది. కీళ్లవాతానికి ఈ మందు వాడేందుకు అమెరికా ప్రభుత్వ ఆమోదం వచ్చింది 1988లో. ఈ మందు కణాలకు మరచిన పాఠం తిరిగి నేర్పలేదు, వాటి దాడిని మాత్రం తగ్గిస్తుంది.

సభ్యులకు ఒక్క మనవి. కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. బి.పి. మాత్రలాగా రోజూ మింగితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానకూడదు. మా ఇంట్లో క్యాలెండరు మీద ఆ రోజుకు ఎర్ర సిరాతో సున్నా చుట్టి పెట్టుకున్నాం. మీరూ అలా చేయండి.