కార్బురేటర్‌కు వేడి అందించే ఏర్పాటు (పాత స్పోర్ట్స్ కార్లు)
ఇంజన్ వేడినీటిని ఇన్‌లెట్ మానిఫోల్డ్ గుండా తిప్పి, కార్బురేటర్ నుంచి వచ్చే మిశ్రమాన్ని వెచ్చబరిచే ఏర్పాటు ఇది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు దగ్గరి చుట్టమైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తర్వాతి నమూనాల్లో ఇది కనిపిస్తుంది. నెల్లూరు తీరం లాంటి ఉక్కపోత సీమలో దీన్ని బాగుచేయడం దండగ, గొట్టాలు పీకి దారి మూసేయడమే మేలన్న వాదన ఉంది. ఆ వాదన నిలవదు. పెట్రోలు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తుంది. కార్బురేటర్ గొంతులో ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. అక్కడ మంచు కట్టాలంటే తేమ కూడా కావాలి. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డ డిసెంబరు తెల్లవారుజామున నెల్లూరు తీరంలోని మైపాడు గాలిలో తేమకు కొదవ లేదు.

మే ఎండల్లో పెట్రోలు మరిగి బండి ఆగిపోతుందన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. కాకపోతే ఆ మరుగు పుట్టేది ఫ్లోట్ చాంబర్‌లో, ప్రధానంగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సెగ వల్ల. దానికి మందు సెగను అడ్డుకునే రేకు, కార్బురేటర్‌కూ ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కూ మధ్య బేకలైట్ దిమ్మ. నీటిదారికి వేసవిలో కట్టేసే చిన్న కుళాయి బిగిస్తే మంచిదే. ఇక్కడ అసలు శత్రువు ఉప్పు. అల్యూమినియం మానిఫోల్డ్‌లో ఉక్కు గొట్టం దిగిన చోట తెల్లటి పొడి కట్టిందంటే లోహాన్ని తినేస్తున్నట్టే. గొట్టం ఊడదీసి, దారి శుభ్రం చేసి, గాలి పట్టించి నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. తర్వాత బోరునీళ్లు పోయకుండా డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి నింపాలి.