సమ్మోహనము – ప్రత్యాహారము

క్రీ.శ. 1784లో ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ ఆజ్ఞపై, ఫ్రాంక్లిన్, లవోయిజే మొదలైన పండితులు మెస్మర్ వైద్యుడు ప్రచారం చేసిన ‘జీవ అయస్కాంత శక్తి’ని పరీక్షించారు. రోగులలో మార్పు కలుగుట సత్యమే. కాని అందుకు కారణం అయస్కాంత ద్రవం కాదనీ, ప్రధానంగా రోగి కల్పనాశక్తియే అనీ నిర్ణయించారు.

1843లో మాంచెస్టర్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ తన గ్రంథం ద్వారా ఈ విద్యకు ‘హిప్నాటిజం’ అనే నామాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. దృష్టి ఒకే వస్తువుపై నిలిచినప్పుడు చిత్తం ఏకాగ్రమవుతుంది. బాహ్యవిషయాలు మరుగున పడతాయి. అన్యుడు పలికిన సూచన అనుభవంగా పరిణమిస్తుంది. 1845లో వంగదేశంలోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్, ఈథర్ వంటి మత్తుమందులు వ్యాప్తిలోకి రాకమునుపే, మెస్మర్ పద్ధతిలో రోగులను నిద్రపుచ్చి శస్త్రచికిత్సలు చేశాడు. నేటికీ వేదనా ఉపశమనానికి కొందరు వైద్యులు ఈ విద్యను వినియోగిస్తున్నారు.

అయితే ఇదే ధ్యానమా? 1896లో వెలువడిన ‘రాజయోగం’లో స్వామి వివేకానంద ప్రత్యాహారాన్ని వివరిస్తూ, పరుల సంకల్పానికి మనస్సును లోబరచుకోవద్దని సాధకులను హెచ్చరించారు. రెండింటా ఇంద్రియాలు విషయాల నుండి మరలుతాయి. సమ్మోహనంలో వాటిని మరల్చేది పరుల వాక్కు. ప్రత్యాహారంలో సాధకుని స్వీయ సంకల్పం. మొదటిది ఉపశమనాన్ని ఈయగలదు. స్వాతంత్ర్యాన్ని ఇచ్చేది రెండవదే.