తాశీల్దారుపై ఫిర్యాదు తాశీల్దారుకే

మద్రాసు ప్రెసిడెన్సీలో బాకీపడ్డ శిస్తు రాబట్టడానికి, నేరం ఒప్పించడానికి వాడిన పద్ధతులు 1855 నాటి ఒక ప్రభుత్వ నివేదికలో పేర్లతో సహా నమోదయ్యాయి. ఒకటి కిట్టీ. రెండు కర్రలను ఒక కొసన కలిపి కట్టి, మధ్యలో మనిషి వేళ్లు ఉంచి, రెండో కొసన నొక్కుతారు. తెలుగు జిల్లాల్లో దీన్ని చీరాటా అంటారని నివేదిక చెబుతుంది. భజనలో చిడతలు చూసినవారికి ఆ పనిముట్టు ఎలా ఉండేదో వేరే వర్ణించనక్కర్లేదు. మరొకటి అనందాల్. మనిషిని వంచి, అతని పంచెనో తాడునో మెడ మీదుగా, కాలివేళ్ల కిందుగా పోనిచ్చి బిగించి కడతారు. వీపున రాయి పెట్టడమూ ఉంది. పైసా ఖర్చులేని శిక్ష.

ఈ సంగతి 1854 జులైలో బ్రిటిష్ కామన్స్ సభలో చర్చకు వచ్చింది. దరిమిలా మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో విచారణ సంఘం వేసింది. ఇలియట్, స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు. కొద్ది నెలల వ్యవధిలోనే 1,959 ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. కొందరు సొంత ఖర్చుతో ఎంతో దూరం ప్రయాణించి మద్రాసు చేరి వాంగ్మూలం ఇచ్చారు.

హింస జరుగుతోందని సంఘం ఆ 1855 నివేదికలో ఒప్పుకుంది. అంతకన్నా తమను బాధపెట్టిన విషయం మరొకటి ఉందనీ రాసింది: దెబ్బతిన్నవాడికి మొర చెప్పుకునే చోటు లేకపోవడం. కారణం పాలన అల్లికలోనే ఉంది. కంపెనీ అధికారి థామస్ మన్రో ప్రభావంతో వచ్చిన 1816 రెగ్యులేషన్లు పోలీసు అధికారాన్ని, మేజిస్ట్రేటు అధికారాన్ని కలెక్టరుకు కట్టబెట్టాయి. ఆయన కింద తాశీల్దారే శిస్తు అధికారి, తాలూకా పోలీసు అధికారీ. పగలు శిస్తు కోసం వచ్చిన బంట్రోతే రాత్రి దొంగకోసం వస్తాడు. అతని మీద చెప్పుకోవాలంటే ఆ తాశీల్దారు కచేరీకే వెళ్లాలి. కలెక్టరు ఎక్కడో దూరాన ఉంటాడు. చేను వదిలి అంతదూరం వెళ్లి తిరిగొచ్చిన రైతుకు ఊళ్లో ఎదురుపడేది మళ్లీ ఆ బంట్రోతే.

నివేదికలో ఇంత స్పష్టంగా కనిపించిన నిజాన్ని ముగింపు మసకబార్చింది. దోషమంతా దేశీయ ఉద్యోగులదేననీ, జనం కోరేది వారి నుంచి రక్షణేననీ, తెల్ల అధికారుల మీద ఫిర్యాదు లేదనీ తేల్చింది. శిస్తు ఎంత రావాలో నిర్ణయించి ఒత్తిడి పెట్టినవాళ్లను తప్పించి, కర్ర పట్టినవాడి మీదే నేరం మోపడం నాకు అన్యాయంగానే తోస్తుంది. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో రాస్తూ ఈ నివేదికలోని సాక్ష్యాలనే ముందుపెట్టాడు.

1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. శిస్తు వసూలు ఒక శాఖకు, పోలీసు మరో శాఖకు పోయాయి. విలియం రాబిన్సన్ కొత్త పోలీసుకు తొలి అధిపతి. 1861 నాటి అఖిల భారత చట్టానికి దీని అనుభవం తోడైంది, ఐర్లండు కానిస్టాబులరీ నమూనా అయింది. లొంగదీసుకున్న జనాన్ని అదుపులో పెట్టేందుకు కట్టిన దళం అది. శాఖలైతే విడిపోయాయిగాని, ఠాణా మీద ఫిర్యాదు వినే ప్రత్యేకమైన చోటును మాత్రం ఆ చట్టాలేవీ చూపలేదు. మద్రాసు చట్టమే ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టంగా స్వాతంత్ర్యం తర్వాతా మన దగ్గర కొనసాగింది.

ఆ లోటును మరోదారిన పూడ్చబోయారు. పోలీసుకిచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ చెప్పింది. తన పోలీసు మాటను తానే నమ్మనని రాజ్యం ఒప్పుకున్నట్టే. ఆ వెంటే 27వ సెక్షన్ ఒక తలుపు తెరిచింది: నిందితుడి మాటల వల్ల వస్తువు దొరికితే, అంతమేరకు అతని మాట సాక్ష్యమే. దాంతో వస్తువు ‘దొరికేదాకా’ అడిగే అవసరం ఠాణాకు మిగిలింది. 2023లో తెచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఈ రెండూ 23వ సెక్షన్‌లో ఒక్కచోట చేరాయి.

స్వతంత్ర భారతంలో మొర వినే చోట్లు ఆలస్యంగా, ఒక్కొక్కటిగా వచ్చాయి. 1993లో జాతీయ మానవ హక్కుల సంఘం ఏర్పడింది. ఘటన జరిగి ఏడాది దాటితే విచారించే అధికారం దానికి లేదు, దాని సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలన్న నియమమూ లేదు. కస్టడీ మరణాల మీద 1986లో పశ్చిమ బెంగాల్ నుంచి డి.కె. బసు రాసిన ఒక ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. 1996లో తీర్పు చెబుతూ, అరెస్టు పత్రం మీద బంధువో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలంది. దాదాపు పదేళ్లకు ప్రకాశ్ సింగ్ కేసులో, పోలీసుల మీద ఫిర్యాదులు వినేందుకు రాష్ట్రానికీ జిల్లాకూ వేర్వేరు ప్రాధికార సంస్థలుండాలని ఆదేశించింది. అప్పటికి నూటయాభై ఏళ్ల కిందట మద్రాసు సంఘాన్ని బాధపెట్టిన ప్రశ్నకు సూటిగా వచ్చిన తొలి జవాబుగా నేను దీన్ని చూస్తాను. చాలా రాష్ట్రాలు ఏళ్ల తరబడి దాన్ని కాగితం దాటనివ్వలేదు.

2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో, లాకప్పులతో సహా, సీసీ కెమెరాలు పెట్టమంది. గుమ్మం దగ్గరా లోపలా స్థానిక భాషలోనూ పెద్ద పోస్టరు అంటించమంది. హక్కులకు భంగం కలిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో అందులో ఉండాలి: జాతీయ, రాష్ట్ర మానవ హక్కుల సంఘాలు, మానవ హక్కుల కోర్టు. వాటితోపాటు ఆ జాబితాలో మరో పేరూ ఉంది, జిల్లా పోలీసు సూపరింటెండెంటు.